చిన్న క్లినిక్‌ను పద్ధతిగా నడపడం ఎలా?

మా ఆయన డాక్టరు, నేను బీకాం. అనంతపురంలో క్లినిక్ పెట్టిన మొదటి రెండేళ్లు వైద్యం ఆయనది, మిగతాదంతా దేవుడిది అన్నట్టు నడిచింది. పేషెంట్లకు కొదవ లేదు. అయినా నెలాఖరుకు అద్దె, జీతాలు, కరెంటు బిల్లు పోగా మిగిలింది చూసి ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్లం. ఆ తర్వాతే నేను వెళ్లి కౌంటర్లో కూర్చున్నాను. ఒకరిద్దరు డాక్టర్లు, ముగ్గురు నలుగురు స్టాఫ్ ఉండే క్లినిక్ ఎవరిదైనా కింది పద్ధతి పనికొస్తుంది. వంద పడకల ఆస్పత్రి లెక్కలు వేరు, వాటి జోలికి పోను.

1. ముందు ఒక రోజు బెంచీ మీద కూర్చోండి

అప్పుడే సాఫ్ట్‌వేరు కొనకండి, స్టాఫ్‌ను మార్చకండి. ఒక సోమవారం పొద్దున తలుపు తీసినప్పటి నుంచి పేషెంట్ల మధ్యే నోటుబుక్కు పట్టుకొని కూర్చోండి. ఎవరు ఎన్నింటికి వచ్చారు, ఎన్నింటికి లోపలికి వెళ్లారు, ఎన్నింటికి బయటపడ్డారు, ఈ మూడు టైములు రాయండి.

నేను రాసిన రోజు వజ్రకరూరు అవతలి పల్లె నుంచి ఒక పెద్దాయన తొమ్మిదింటికల్లా వచ్చాడు. డాక్టరు దగ్గర గడిపింది ఏడు నిమిషాలు. బయటపడేసరికి పన్నెండు దాటింది. మధ్యలో నాలుగుసార్లు నా దగ్గరకు వచ్చి, "అమ్మా, పన్నెండు గంటల బస్సు పోతే మళ్లా సాయంత్రమేనమ్మా" అన్నాడు. బస్సు పోయింది.

ఆ మూడు గంటలు ఏమయ్యాయో నా నోటుబుక్కులోనే ఉంది. మందుల కంపెనీల నుంచి వచ్చిన ఇద్దరు మెడికల్ రెప్‌లు. "ఒక్క నిమిషం సార్" అంటూ రిపోర్టు పట్టుకొని తలుపు తోసుకుపోయినవాళ్లు ఐదుగురు. ఐదొందల నోటుకు చిల్లర కోసం లోపలికి వెళ్లిన మా కౌంటరు అమ్మాయి. ఆగకుండా మోగిన సెల్లు. ఇన్ని పనులు తలుపు ఇవతలే తెగిపోవాలి. నేను ఆ తర్వాత చేసిందంతా దీనికోసమే.

2. టోకెన్లో బస్సును కూడా లెక్కేయండి

టోకెన్ ఇవ్వడం అందరికీ తెలిసిందే. మేం రెండు రంగులు పెట్టాం. ఊళ్లవాళ్లకు గులాబీ, టౌన్‌వాళ్లకు తెలుపు. గులాబీ టోకెన్ మీద నంబరుతో పాటు "ఎన్ని గంటల బస్సు?" అని అడిగి రాస్తాం. పొద్దున పూట గులాబీ టోకెన్లకే మొదటి వరస. సాయినగర్‌లోనో, కోర్టు రోడ్డులోనో ఉండేవాళ్లు స్కూటర్ మీద పది నిమిషాల్లో వస్తారు కాబట్టి వాళ్లకు ఫోన్లోనే పన్నెండు తర్వాతో సాయంత్రమో టైమిస్తాం. మొదట్లో గొడవలయ్యాయి. "మేం ముందొచ్చాం" అని ఒకాయన టోకెన్ చించి పారేశాడు కూడా. నెల తిరిగేసరికి ఆయనే ఫోన్ చేసి టైము తీసుకోవడం నేర్చుకున్నాడు.

వరసలో ప్రతి నాలుగు టోకెన్లకు ఒక ఖాళీ ఉంచండి. రిపోర్టు చూపించేవాళ్లు అందులో వెళ్తారు, తలుపు తోసుకొని కాదు. రెప్‌లకు వారంలో రెండు రోజులు, మధ్యాహ్నం రెండు తర్వాత. గుండెనొప్పి, ఆయాసం, పాముకాటు, ఫిట్స్, మాట పడిపోవడం లాంటివాటికి టోకెన్ లేదు, నేరుగా లోపలికే. ఈ జాబితాను కౌంటరు లోపలి వైపు, కూర్చున్న మనిషికి కనిపించేలా అతికించండి. పద్దెనిమిదేళ్ల అమ్మాయిని కౌంటర్లో కూర్చోబెట్టి, ఎవరు అర్జెంటో నువ్వే చూసుకో అనడం తప్పు.

ఇంకొకటి, చాలామంది చేయనిది. షుగరు పేషెంటు వెళ్లేటప్పుడే, "ఈసారి పరగడుపున రావాలి, టిఫిన్ కట్టుకొని రండి" అని చీటీ మీద రాసివ్వండి. వాళ్లు రాగానే కౌంటరు నుంచే ల్యాబ్‌కు పంపొచ్చు. అది చెప్పకపోతే ఇడ్లీ తినేసి వస్తారు, ఆ రోజు ప్రయాణం దండగ.

3. ఫీజు బోర్డు పెట్టండి

వైద్యుల నడవడికపై 2002లో వచ్చిన నిబంధనల ప్రకారం ఫీజు వివరాలు కనిపించేలా పెట్టాలి, డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు క్లినిక్‌లోనూ చీటీ మీదా ఉండాలి. నిబంధన మాట అటుంచితే, కౌంటరు దగ్గర జరిగే తగవుల్లో సగం "మొన్ననే కట్టాం కదమ్మా" అనేదే. ఒకసారి కట్టిన ఫీజు ఎన్ని రోజులు చెల్లుతుందో పెద్ద అక్షరాల్లో, తెలుగులో రాయండి. రసీదు మీద చివరి తేదీ స్టాంపు వేయండి.

4. డబ్బు లెక్క రోజూ రాత్రి తేల్చండి

మొదటి పని, క్లినిక్‌కు వేరే బ్యాంకు ఖాతా. మా క్యూఆర్ కోడ్ రెండేళ్లు మా ఆయన సొంత ఖాతాకే ఉండేది. పిల్లల స్కూలు ఫీజు, గ్యాస్ బిల్లు, ఓపీ డబ్బు అన్నీ ఒకే సాంబారు. ఇప్పుడు క్లినిక్ ఖాతా నుంచి నెలకు ఇంత అని ఆయనకు "జీతం" ఇంటి ఖాతాకు వెళ్తుంది. అంతకుమించి కావాలంటే నన్ను అడగాలి.

పొద్దున డ్రాయరులో వెయ్యి రూపాయలు, అన్నీ పదులు, యాభైలు. చిల్లర కోసం ఎవరూ లోపలికి వెళ్లే పని లేదు. డాక్టరు ఫ్రీగా చూసినవాళ్లకు కూడా సున్నా రూపాయల రసీదు కొట్టాలి. రాత్రి తలుపు వేసే ముందు టోకెన్లు లెక్కపెట్టి, ఫీజు కట్టినవి, రివ్యూలు (పాత ఫీజు మీదే మళ్లీ వచ్చినవాళ్లవి), ఫ్రీవి కూడితే మొత్తం టోకెన్లకు సరిపోవాలి. నగదు, ఫోన్లో వచ్చింది కలిపితే రసీదులకు సరిపోవాలి. పదిహేను నిమిషాల పని.

మొదటి వారమే 640 రూపాయలు తగ్గాయి. కౌంటరు అమ్మాయి ఏడ్చేసింది. నాకూ మనసులో అనుమానం పుట్టింది, దాచడమెందుకు? మర్నాడు సాయంత్రం డ్రాయరు తెరిచి పెట్రోలుకు మూడొందలు తీసుకుంటూ మా డాక్టరుగారే దొరికారు. "మన డబ్బే కదా" అట. అప్పటి నుంచి డ్రాయరులో చెయ్యి పెట్టే హక్కు ఒక్క మనిషికే ఉంది, ఆ మనిషి డాక్టరు కాదు.

పన్ను సంగతి. ఏడాదికి మొత్తం రాబడి 50 లక్షలు దాటని డాక్టర్లు అందులో కనీసం సగాన్ని ఆదాయంగా చూపించి పన్ను కట్టే పద్ధతి ఆదాయపు పన్ను చట్టంలో ఉంది. ఆ రాబడిలో నగదు 5 శాతం మించకపోతే ఆ పరిమితి 75 లక్షలు. అలా కడితే పుస్తకాలు రాయక్కర్లేదని కొందరు సంబరపడతారు. పన్ను కోసం అక్కర్లేకపోవచ్చు, మీకోసం కావాలి. వైద్యానికి జీఎస్టీ లేదు గానీ షాపులో అమ్మే మందుల సంగతి వేరు, ఆ లెక్క విడిగా ఉంచండి.

మన జిల్లాలో ఓపీ ఏడాది పొడవునా ఒకేలా ఉండదు. వేరుశనగ విత్తే రోజుల్లో బెంచీలు ఖాళీ. జ్వరాల కాలంలో నిలబడటానికి చోటుండదు. ఆ కాలంలో వచ్చింది చూసి కొత్త మిషన్‌కు ఈఎంఐ పెట్టుకోకండి. మూడు నెలల ఖర్చు పక్కన పెట్టాకే ఆ మాట.

5. కాగితాలన్నీ ఒకే ఫైల్లో

ప్రైవేటు అల్లోపతి వైద్యశాలలకు మన రాష్ట్రంలో 2002 నాటి చట్టం కింద రిజిస్ట్రేషన్ తప్పనిసరి, డీఎంహెచ్‌ఓ (జిల్లా వైద్య ఆరోగ్య అధికారి) ఆఫీసులో కనుక్కోండి. మెడికల్ షాపు ఉంటే డ్రగ్ లైసెన్సు, ఫార్మసిస్టు. స్కానింగ్ మిషన్ ఉంటే 1994 నాటి లింగనిర్ధారణ నిషేధ చట్టం కింద రిజిస్ట్రేషన్, బోర్డు, ప్రతి గర్భిణికీ ఫారం ఎఫ్ (స్కాన్ వివరాలు నింపే ఫారం), మరుసటి నెల 5వ తేదీలోగా నెలవారీ రిపోర్టు. ఇందులో చిన్న పొరపాటు కూడా పెద్ద కేసే. గడువు తేదీలన్నీ గోడ క్యాలెండర్లో, నెల ముందే ఎర్ర ఇంకుతో రాసుకోండి.

చెత్తకు 2016 నియమాలు. రక్తం అంటిన దూది, కట్లు, గడువు తీరిన మందులు పసుపు సంచిలో. సెలైన్ ట్యూబులు, గ్లవ్స్, సూది తీసేసిన సిరంజీలు ఎరుపులో. సూదులు, బ్లేడ్లు గుచ్చుకుపోని తెల్ల డబ్బాలో. గాజు సీసాలు నీలం డబ్బాలో. శుద్ధి చేయని చెత్త 48 గంటలకు మించి ఉంచకూడదు కాబట్టి తీసుకెళ్లే బండి రాని రోజు రిజిస్టర్లో రాసి, ఫోన్ చేయండి. మా ఆయాకు రెండుసార్లు సూది గుచ్చుకున్నాక గానీ నాకీ రంగుల విలువ తెలియలేదు.

6. చీటీ పోయినా చరిత్ర పోకూడదు

ఊళ్ల నుంచి వచ్చేవాళ్లు రిపోర్టులన్నీ బట్టల షాపు కవర్లో చుట్టుకొని తెస్తారు, సగం తడిసిపోయి ఉంటాయి. ప్రతి చీటీనీ ఇచ్చే ముందు ఫోటో తీసి, ఫోన్ నంబరు పేరుతో దాచండి. ఇంట్లో నలుగురికీ ఒకే ఫోన్ ఉంటుంది కాబట్టి నంబరు పక్కన పేరు, వయసు కూడా వేయండి. ఆభా (ప్రభుత్వమిచ్చే ఆరోగ్య ఖాతా నంబరు) ఉన్నవాళ్లదైతే ఆ 14 అంకెలు రాసుకోండి. ఇన్‌పేషెంట్ల రికార్డులు 3 ఏళ్లు ఉంచాలి, పేషెంటు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. ఆ ఫోటోలు స్టాఫ్ సొంత ఫోన్లలో ఉండకూడదు.

7. కమీషన్ జోలికి పోకండి

ఊళ్లో డాక్టరు అని పిలిపించుకునే ఆర్ఎంపీ పేషెంటును ఆటోలో ఎక్కించుకొని వచ్చి, వెళ్లేటప్పుడు కౌంటరు దగ్గర నిలబడతాడు. ల్యాబ్‌వాళ్లు నెలకోసారి కవరు పంపుతారు. ఇచ్చినా, తీసుకున్నా నిబంధనల ప్రకారం తప్పే. వ్యాపారంగా చూసినా నష్టమే, ఎందుకంటే ఆ డబ్బు చివరికి అక్కర్లేని పరీక్షగా పేషెంటు బిల్లులోకే ఎక్కుతుంది. మేం మానేసిన నెల ఓపీ తగ్గింది, అబద్ధం చెప్పను. కొన్ని నెలలు పట్టింది కోలుకోవడానికి.

8. ప్రతి పనికీ ఇద్దరు

సిస్టరుకు టోకెన్ మిషన్ రావాలి, కౌంటరు అమ్మాయికి బీపీ చూడటం రావాలి. ఇన్సులిన్, టీకాలు పెట్టే ఫ్రిజ్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉందో లేదో రోజుకు రెండుసార్లు చూసి రాసే పని కూడా ఇద్దరికీ తెలియాలి. సెలవులు రెండు నెలల ముందే క్యాలెండర్లో రాయించండి. ఒక ఏడాది గూగూడు పీర్ల పండగకు మా ముగ్గురు స్టాఫూ ఒకేరోజు వెళ్లిపోయారు, ఎవరికి వాళ్లు మిగతా ఇద్దరూ ఉంటారనుకున్నారట. ఆ రోజు టోకెన్లు నేనిచ్చాను, ఇంజెక్షన్లు ఆయన వేశారు, ఊడ్చింది కూడా ఆయనే.