పవర్‌లిఫ్టింగ్ పోటీకి పేరిచ్చారా? ఈ పన్నెండు వారాలూ ఇవి చూసుకోండి

మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో బరువులెత్తుతున్నానని చెబితే పెద్దవాళ్లకి వెంటనే గుర్తొచ్చేది కరణం మల్లీశ్వరే. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట అమ్మాయి, 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో రెండు లిఫ్టులూ కలిపి 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చింది. అయితే అది వెయిట్‌లిఫ్టింగ్. బారుని తలపైకెత్తే స్నాచ్, క్లీన్ అండ్ జెర్క్ దాని లెక్క. పవర్‌లిఫ్టింగ్ ఒలింపిక్స్‌లో లేదు. ఇందులో స్క్వాట్ (బారు భుజాల మీద పెట్టుకుని గుంజీ తీసి లేవడం), బెంచ్ ప్రెస్ (బల్ల మీద పడుకుని బారుని ఛాతీ మీంచి పైకి నెట్టడం), డెడ్‌లిఫ్ట్ (నేల మీది బారుని నిటారుగా నిలబడేదాకా ఎత్తడం) ఉంటాయి. ఒక్కోదానికి మూడేసి అవకాశాలిస్తారు, ఒక్కోదాంట్లో పాసైన పెద్ద బరువులు కూడితే మీ టోటల్. ఏ ఒక్కదాంట్లో మూడూ పోయినా టోటల్ ఉండదు, మిగతా రెండూ ఎంత బాగా ఎత్తినా సరే.

పోటీకి ముందు కుర్రాళ్లు దెబ్బతినడం చాలా చూశాను. ప్రోగ్రామ్‌లో (ఏ రోజు ఎంత ఎత్తాలో రాసిన ప్రాక్టీసు పట్టికలో) రాసున్న బరువు వల్ల దెబ్బతిన్నవాళ్లు తక్కువ. అందులో లేనివి చేసి దెబ్బతిన్నవాళ్లే ఎక్కువ. కాగితం మీద లేని ఇంకో సెట్టు, ఆఖరి వారంలో మానేసిన నీళ్లు, మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న మాత్ర, ఇవే. అందుకే ఇక్కడ టెక్నిక్ గురించి తక్కువ, వీటి గురించి ఎక్కువ చెబుతాను.

ముందు రూల్స్ తెలుసుకోండి

మన దేశంలో ఈ ఆటకి ఫెడరేషన్లు ఒకటి కంటే ఎక్కువే ఉన్నాయి. డబ్బు కట్టకముందే ఏ రూల్స్ మీద జరుగుతుందో, మీ ఒంటి బరువు ఎప్పుడు చూస్తారో అడగండి. ఐపీఎఫ్ (అంతర్జాతీయ పవర్‌లిఫ్టింగ్ ఫెడరేషన్) రూల్స్ అయితే పోటీ మొదలవడానికి రెండు గంటల ముందు బరువు తూచడం మొదలుపెడతారు, గంటన్నరలో ముగిస్తారు. బెల్టు వెడల్పు 10 సెంటీమీటర్లు, మందం 13 మిల్లీమీటర్లు దాటకూడదు. జిమ్ముల్లో దొరికే, వెనక వెడల్పుగా ఉండే స్పాంజి బెల్టులు అక్కడ చెల్లవు. సింగ్లెట్ (ఒంటికి అతుక్కుని ఉండే పోటీ డ్రెస్సు), డెడ్‌లిఫ్ట్‌కి మోకాలి దాకా వచ్చే సాక్సులు కూడా కావాలి. ఇవన్నీ మొదటి నెలలోనే తెప్పించుకుంటే సైజు తప్పినా మార్చుకోవడానికి టైముంటుంది.

రిఫరీ ఇచ్చే కమాండ్లు కూడా మొదటి వారం నుంచే అలవాటు చేసుకోవాలి. స్క్వాట్‌కి 'స్క్వాట్', 'ర్యాక్' (బారు స్టాండు మీద పెట్టమని). బెంచ్‌కి 'స్టార్ట్', 'ప్రెస్', 'ర్యాక్'. డెడ్‌లిఫ్ట్‌కి 'డౌన్' ఒక్కటే. ప్రాక్టీసులో పక్కనున్నవాడి చేత ఇవి గట్టిగా చెప్పించుకోండి. బెంచ్ మీద బారు ఛాతీకి తగిలించి ఎగరేసే అలవాటున్నవాళ్లకి 'ప్రెస్' అనేదాకా ఆపమంటే వంద కాస్తా తొంభై అవుతుంది. ఆ సంగతి స్టేజీ మీద కంటే జిమ్ములో తెలియడమే మేలు. స్క్వాట్‌లో తుంటి మడత మోకాలి పైభాగం కంటే కిందికి దిగాలి. ఫోన్‌ని తుంటి ఎత్తులో, సరిగ్గా పక్కనుంచి పెట్టి తీసుకోండి. కింద నేల మీద పెట్టి తీసిన వీడియోలో అందరూ దిగినట్టే కనిపిస్తారు.

కాగితం మీద ఉన్నదే ఎత్తాలి

పన్నెండు వారాల ప్రోగ్రాములు చాలావరకు ఒకే దారిలో నడుస్తాయి. మొదట 70, 75 శాతం బరువుతో అయిదేసి రెప్స్ (ఆపకుండా అయిదేసిసార్లు ఎత్తడం). తర్వాత 80 నుంచి 85 శాతంతో మూడేసి. చివర్లో 90 దాటి ఒకటీ రెండూ. ఆఖరి వారంలో ఒళ్లు తేరుకోవడానికి బాగా తగ్గిస్తారు. ఇక్కడ అసలు ప్రశ్న, శాతం దేంట్లో అని. కిందటేడు స్నేహితుడు చెయ్యి వేసి లేపిన 160లోనా? కాదు. ఈ నెలలో, పూర్తి లోతుకి దిగి, ఎవరూ ముట్టుకోకుండా లేచిన బరువులో. అది 150 అయితే లెక్క 140 మీద కట్టండి. మొదటి నెల తేలిగ్గా అనిపిస్తుంది. అనిపించాలి కూడా.

ఆ తేలికే ప్రమాదం తెస్తుంది. అయిదో వారంలో సెట్లు అయిపోయాక ఎవడో ఒకడు "ఈరోజు బాడీ బాగుందన్నా, ఇంకో పది వేసి చూద్దామేటి?" అంటాడు. ఫోన్ తీసి వీడియోకి రెడీగా ఉంటాడు. ఆ పది వేస్తే లేవచ్చు కూడా. కానీ మర్నాడు చెయ్యాల్సిన డెడ్‌లిఫ్ట్ పాడవుతుంది, ఆ వారం తేలిపోతుంది. ప్రోగ్రామ్ రాసినాయన ఆ రోజు అక్కడితో ఆపింది, వచ్చే సోమవారం మీరు ఇంకా ఎక్కువ చెయ్యాలనే.

రోజులు తప్పిపోవడం ఎలాగూ తప్పదు. దసరా వెళ్లిన మంగళవారం విజయనగరంలో సిరిమానోత్సవం, ఆ వారం ఇంటినిండా చుట్టాలే. అక్టోబరు, నవంబరు అంటే తుపాన్ల కాలం. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు పలాస వైపు ఎన్ని రోజులు కరెంటు లేదో ఆ ఊళ్లవాళ్లకి చెప్పక్కర్లేదు. ఒక్క రోజు తప్పితే దాన్ని మర్నాటికి జరపండి. వారం మొత్తం పోతే కిందటి వారాన్నే మళ్లీ చేసి ముందుకెళ్లండి. పోయిన రెండు రోజుల పని ఒక్కరోజులో కుక్కితే నడుము పట్టేస్తుంది. పోటీ తేదీ దగ్గర పడితే మధ్య వారాల్లో ఒకటి తీసెయ్యండి, ఆఖరి తేలిక వారాన్ని మాత్రం ముట్టుకోవద్దు. పెద్ద బరువుతో ఆఖరి డెడ్‌లిఫ్ట్ పోటీకి పది నుంచి పద్నాలుగు రోజుల ముందే అయిపోవాలి. స్క్వాట్‌కి వారం పైన చాలు, బెంచ్ ఇంకా దగ్గర దాకా లాగొచ్చు.

జిమ్ములో

ఓ ఆదివారం ప్లేట్లన్నీ కాటా మీద పెట్టి చూడండి. కిరాణా కొట్టువాళ్ల ఎలక్ట్రానిక్ కాటా చాలు. 20 అని పోతపోసిన ఇనుప ప్లేటు అంత తూగకపోవడం, దాని జత ఇంకోలా తూగడం చిన్న జిమ్ముల్లో మామూలే. అసలు బరువు సుద్దముక్కతో ప్లేటు మీద రాసి, దగ్గరగా తూగినవాటిని జత కట్టండి. ఒకవైపు కిలో ఎక్కువ ఉన్నా పెద్ద స్క్వాట్‌లో నడుముకి తెలుస్తుంది. పైగా 180 ఎత్తాననుకుని వెళ్లి పోటీలో అసలైన 180 దగ్గర కూలబడ్డం కంటే ఇదే నయం. బారుని నేల మీద దొర్లించి చూడండి, వంగి ఉంటే ఎగిరెగిరి పడుతుంది.

బెంచ్ మీద ఒంటరిగా పెద్ద బరువు వద్దు. తప్పనిసరైతే కాలర్లు (ప్లేట్లు జారకుండా బిగించే క్లిప్పులు) పెట్టకుండా చెయ్యండి, బారు ఛాతీ మీద ఉండిపోతే ఒకవైపు వంచి ప్లేట్లు జార్చేయొచ్చు. బొటనవేలు బారు చుట్టూ తిరిగి ఉండాలి, పోటీ రూలు కూడా అదే. స్క్వాట్‌కి సేఫ్టీ పిన్నులు (బారు పడితే ఆపే అడ్డకడ్డీలు) మీ అడుగు లోతుకి రెండు వేళ్లు కింద పెట్టుకోండి, లేకపోతే రెండు పక్కలా ఒక్కొక్కరు నిలబడాలి. వెనక ఒక్కడే నిలబడి చంకల కింద చేతులు పెడితే బరువంతా అతని మీదికే వస్తుంది. ప్లేట్లు తీసేటప్పుడు ఒకవైపే ఖాళీ చేస్తే బారు లేచి మొహానికి తగులుతుంది.

నీళ్లు, కిడ్నీ, నొప్పి మాత్రలు

ఇది మన జిల్లావాళ్లు రెండుసార్లు చదవాలి. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస వైపు ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎంత ఉందో అందరికీ తెలుసు. సుగరు, బీపీ లేనివాళ్లకి కూడా వస్తోంది, కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. మొదట్లో ఏ లక్షణమూ కనిపించదు. ఇరవై ఏళ్ల కుర్రాడు బలంగా ఉన్నాడంటే కిడ్నీలు బాగున్నాయని కాదు. మీది ఆ ప్రాంతమైనా, ఇంట్లో ఎవరికైనా ఆ జబ్బున్నా, ప్రోగ్రామ్ మొదలుపెట్టే ముందే రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే పరీక్ష), మూత్రంలో ప్రొటీన్ పరీక్ష చేయించుకోండి. బీపీ కూడా చూపించుకోండి, ఊపిరి బిగబట్టి ఎత్తేటప్పుడు అది అమాంతం పెరుగుతుంది.

పరీక్షకి వెళ్లేముందు రెండు మూడు రోజులు బరువులకి సెలవివ్వండి. కండ బాగా ఉన్నవాళ్లకి, బలానికని జిమ్ముల్లో తాగే క్రియాటిన్ పొడి వాడేవాళ్లకి క్రియాటినిన్ కొంచెం ఎక్కువ చూపిస్తుంది. పొడి వాడుతున్నామని డాక్టరుకి చెప్పాలి. చెప్పకపోతే అనవసరమైన టెన్షన్, లేదా అసలు జబ్బుని పొడి ఖాతాలో వేసి వదిలేయడం జరుగుతుంది.

డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి మాత్రలు కిడ్నీలకి వెళ్లే రక్తాన్ని తగ్గిస్తాయి. ఒంట్లో నీళ్లు తగ్గినప్పుడు వేసుకుంటే దెబ్బ ఇంకా ఎక్కువ. రేకుల షెడ్డు జిమ్ములో మే నెల మధ్యాహ్నం గంటన్నర చెమటోడ్చి, నడుము లాగుతోందని ఇంటికెళ్లి ఒకటి మింగడం సరిగ్గా అలాంటిదే. అసలు మాత్ర వేసుకుంటే తప్ప ఎత్తలేని రోజు ఎత్తకూడదు. రెండు తొడలూ సమానంగా నొప్పెట్టి రెండు మూడు రోజుల్లో తగ్గిపోతే అది మామూలు ఒళ్లునొప్పి. ఒకవైపే, కీలు దగ్గర, సూదిలా పొడిస్తే ఆపండి. నొప్పి నడుము నుంచి కాల్లోకి దిగి తిమ్మిరెక్కితే డాక్టరు దగ్గరికెళ్లాలి. దాంతోపాటు ఒంటికీ రెంటికీ పట్టు తప్పితే ఆ గంటలోనే ఆసుపత్రికి. మూత్రం డికాషన్ రంగులోకి మారినా అంతే.

తూకం కోసం నీళ్లు మానేయడం, రెయిన్‌కోటు తొడుక్కుని పరుగెత్తడం మన ఉక్కపోతలో ప్రాణం మీదికి తెస్తుంది. గాలిలో తేమ ఎక్కువైతే చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. పైగా తూకానికీ పోటీకీ మధ్య రెండు గంటలే అయితే పోయిన నీళ్లు తిరిగి రావు, స్క్వాట్‌లోనే కాళ్లు పట్టేస్తాయి. మీ ఒంటి బరువు 67 కిలోలుంటే 66 కిలోల క్లాసుకి (ఒంటి బరువుని బట్టి చేసే విభాగం) ఆరు వారాల్లో తిండి సర్దుకుని దిగొచ్చు. 70 ఉంటే 74లో ఎత్తండి. మొదటి పోటీకి బరువు తగ్గించడమే వద్దని నా అభిప్రాయం.

ఒంట్లో నీళ్లు మూత్రంగా పోవడానికి మాత్ర వేసుకునేవాళ్లూ ఉన్నారు. ఆ మాత్రలు డోపింగ్ నిషేధ జాబితాలో ఎప్పుడూ ఉంటాయి. విజయనగరం దగ్గర కొండవెలగాడ అమ్మాయి, వెయిట్‌లిఫ్టరు మత్స సంతోషికి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో మొదట దక్కింది కాంస్యం. 53 కిలోల క్లాసులో స్వర్ణం గెలిచిన నైజీరియా లిఫ్టరు మూత్రంలో అలాంటి మందులే బయటపడి పతకం పోయింది, సంతోషిది రజతమైంది. బరువు పెరగడానికనీ కీళ్ల నొప్పులకనీ పేరు లేకుండా పొట్లాల్లో అమ్మే పొడుల్లో స్టెరాయిడ్ ఉండొచ్చు. నాకు తెలియదంటే వినరు. ఒంట్లో దొరికితే బాధ్యత మీదే. జలుబు మాత్రైనా నాడా (జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ) వాళ్ల నో యువర్ మెడిసిన్ యాప్‌లో చూసి వేసుకోండి.

ప్రయాణం, పోటీ రోజు

పోటీ దూరమైతే శ్రీకాకుళం రోడ్‌లో రాత్రి రైలెక్కి పొద్దున్నే దిగి నేరుగా తూకానికి వెళ్లొద్దు. ఒకరోజు ముందే చేరండి. బెల్టు, సింగ్లెట్, ఆధార్ చేతిసంచీలోనే ఉండాలి. ఇంట్లో రోజూ తినేదే తినండి. చోడి (రాగి) అంబలి అలవాటుంటే అదే, లేకపోతే అన్నం, గుడ్లు, అరటిపళ్లు. తూకం అవగానే ఓఆర్‌ఎస్ కొద్దికొద్దిగా తాగండి. ఎవరో ఇచ్చిన కొత్త ప్రీవర్కౌట్ (ఎత్తేముందు ఉత్సాహానికని తాగే పొడి) ఆ రోజు మొదటిసారి తాగితే చేతులు వణుకుతాయి.

మొదటి అటెంప్టు జిమ్ములో మూడుసార్లు సునాయాసంగా ఎత్తగలిగిందే ఇవ్వండి. మీ పెద్ద స్క్వాట్ 170 అయితే 155తో మొదలుపెట్టి, 162.5కి వెళ్లి, ఆ ఊపు చూసి మూడోది. ఒకసారి ఎత్తడానికి ప్రయత్నించిన బరువు కంటే కిందికి దిగనివ్వరు, పోతే మళ్లీ అదే ఎత్తాలి, లేదా ఇంకా పైకి. లిఫ్ట్ అయిన నిమిషంలోగా తర్వాతి బరువు టేబుల్ దగ్గర చెప్పాలి. చెప్పకపోతే, పాసైనవాళ్లకి వాళ్లే రెండున్నర కిలోలు పెంచేస్తారు. ఆ పని స్నేహితుడికి అప్పగించి, అంకెలు ముందురోజే కాగితం మీద రాసివ్వండి. డెడ్‌లిఫ్ట్ పైకొచ్చాక 'డౌన్' వినేదాకా నిలబడండి. బారు చేతుల్లోంచి వదిలేయకుండా పట్టుకునే దించండి. వదిలేస్తే పైదాకా ఎత్తినా ఎర్రలైట్లే, అంటే ఆ లిఫ్ట్ చెల్లనట్టే.