ఐవీఎఫ్ (టెస్ట్‌ట్యూబ్ బేబీ) ఖర్చు: మేం తగ్గించినవి, తగ్గించనివి

మొదటి క్లినిక్‌లో నన్ను నాలుగు నెలలు స్కాన్ల చుట్టూ తిప్పాక గానీ మావారికి వీర్యపరీక్ష రాయలేదు. స్కాన్ల ఖర్చు ముందు అదెంత! అందుకే ఇద్దరి పరీక్షలూ మొదట్లోనే అడిగి చేయించుకోండి. ముప్పై అయిదు దాటితే డబ్బు కూడాక చూద్దామని ఏళ్ళు వాయిదా వేయకండి, అండాలు ఆగవు.

ప్యాకేజీ ధర వినగానే సంబరపడొద్దు. ఇంజెక్షన్లు, మత్తు, పిండాల ఫ్రీజింగ్, ఏటా వాటిని దాచే ఫీజు అందులో ఉన్నాయో లేదో కాగితం మీద రాయించుకోండి. బిల్లు పెరిగేది అక్కడే.

డాక్టరు "ఇది కూడా చేద్దామమ్మా" అంటే, నా కేసులో ఎందుకని అడగండి. గర్భాశయ పొరను గీకడం లాంటివాటికి గట్టి ఆధారం లేదు. వీర్యకణాలు బాగుంటే మామూలు ఐవీఎఫ్ బదులు ఇక్సీ (ఒక్కో అండంలోకి ఒక్కో వీర్యకణాన్ని సూదితో ఎక్కించడం) చేసినా ఫలితం మెరుగుపడదు.

రెండు పిండాలు పెడితే ఒకే ఖర్చులో ఇద్దరని మా అత్తయ్య లెక్క. కవలలు నెలలు నిండకుండా పుడితే ఎన్‌ఐసీయూ (పసికందుల ఐసీయూ) బిల్లు ఎవరు కడతారు? మేం ఒక్కటే పెట్టించి మిగతావి ఫ్రీజ్ చేయించాం. రెండోసారి మళ్ళీ అండాలు తీయాల్సిన పని పడలేదు.

ఇంజెక్షన్లు డాక్టరుకు చెప్పే బయట రేట్లు అడిగి కొన్నాం, ఐస్ ప్యాక్‌లో తెచ్చుకున్నాం. డోసు మాత్రం తగ్గించలేదు. చవకని 2021 ఏఆర్‌టీ (సంతాన సాఫల్య చికిత్సల) చట్టం కింద నమోదు కాని చోటికి వెళ్ళకండి.