హామ్లెట్‌తో ఇంగ్లీషు పదాలు: అర్థం తెలిసినా వాక్యం కుదరకపోతే

సమస్య: షేక్‌స్పియర్ రాసిన హామ్లెట్ నాటకంలోంచి పదాలు ఏరి నోట్సులో రాసుకున్నారు, అర్థాలు అడిగితే తడుముకోకుండా చెబుతున్నారు. అయినా సన్నివేశం అందడం లేదు. ఆ పదంతో సొంత వాక్యం రాస్తే తప్పవుతోంది.

ముందు చూడవలసింది: మీ ప్రతిలో పేజీ అడుగున అర్థాలు ఉన్నాయా? ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద కొన్న ప్రతిలో అవి లేకపోతే, ఉన్న ప్రతి తెచ్చుకోండి. చిక్కడపల్లి గ్రంథాలయంలో పోటీ పరీక్షలకు చదివేవారికి ఈ మాట ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. అర్థాలు ఉన్న ప్రతి చేతిలో ఉండి కూడా కిందికి చూడనివారే ఎక్కువ.

కారణం: తెలుసనుకున్న పదాన్ని చూడకుండా దాటిపోవడం. కొరుకుడుపడని పదానికి ఎవరైనా నిఘంటువు తీస్తారు. ‘లెట్’ అనే చిన్న మాటకు ఎవరూ తీయరు. మొదటి అంకం నాలుగో రంగంలో తండ్రి ప్రేతాత్మ చేయి ఊపి పిలుస్తుంది. దాని వెంట వెళ్లబోతున్న హామ్లెట్‌ను మిత్రుడు హొరేషియో, కావలి సైనికుడు మార్సెలస్ పట్టుకొని ఆపుతారు. అప్పుడతడు తనను ‘లెట్’ చేసేవాణ్ణి ప్రేతాత్మను చేసేస్తానంటాడు. నేటి అర్థం పెడితే, వెళ్లనిచ్చేవాణ్ణి చంపుతాననడం అవుతుంది. నేనూ మొదట్లో ఒక క్లాసులో అలాగే చెప్పి ముందుకు సాగిపోయాను. వెళ్లనిచ్చేవాణ్ణి చంపడమెందుకని ఒక అమ్మాయి అడిగేదాకా నాకు తట్టలేదు. ఆనాటి అర్థం ‘అడ్డగించు’. మన పాస్‌పోర్టులో రాష్ట్రపతి పేరిట ఉండే అభ్యర్థన చదవండి: ‘వితౌట్ లెట్ ఆర్ హిండరెన్స్’ అన్నచోట ఆ పాత అర్థమే నేటికీ నిలిచి ఉంది.

అదే అంకం రెండో రంగం చివర హామ్లెట్ అనే ‘ఐ డౌట్ సమ్ ఫౌల్ ప్లే’ కూడా ఇటువంటిదే. కుట్ర జరిగిందంటే నమ్మలేకపోతున్నానని కాదు, జరిగి ఉంటుందని శంకిస్తున్నానని. ఇక్కడ తెలుగే మనకు సాయం: ‘ఏదో మోసం ఉందని నా అనుమానం’ అంటే సరిగ్గా అమరుతుంది. పాత కావ్యాల్లో ‘కంపు’ అంటే పరిమళమని, ‘చీర’ అంటే వస్త్రమని ఎరిగినవారికి ఇది కొత్త సంగతేమీ కాదు.

పరిష్కారం: తెలిసిన పదాలకు నేటి అర్థం పెట్టి చూసి, మాట్లాడేవాడు ఆ క్షణంలో చేస్తున్న పనితో అది పొసగుతోందా అని అడగండి. పొసగకపోతే నిఘంటువులో మొదటి అర్థం దగ్గరే ఆగక చివరిదాకా చదవండి. నోట్సులో విడి పదం కాకుండా పంక్తి మొత్తం, ఎవరు ఎవరితో అన్నారో కూడా రాసి, పక్కన రెండు గళ్లు గీయండి: నాటకంలోని అర్థం, నేటి అర్థం. పరీక్ష వ్యాసంలో వాడవలసింది రెండోదే.

నేర్చినవి మరిచిపోతుంటే, వారానికోసారి ఆ పంక్తులు బయటికి చదవండి, చాలు. ఈ నాటకం తొలినాటి 1603, 1604, 1623 ముద్రణల మధ్య తేడాలూ, అచ్చుతప్పులూ ఉన్న మాట నిజమే గాని, పదాలు నేర్చుకునేవారి ఇబ్బందికి అవి కారణం కావడం చాలా అరుదు.