మన ఊరి వాన లెక్క మనమే రాసుకుందాం

టీవీలో జిల్లాకు సాధారణ వర్షపాతం అంటరు, ఇటు మన చేన్ల పత్తి మొలక మాడిపోతుంటది. నల్గొండ, పాలమూరు దిక్కు వాన అట్లనే పడ్తది, ఒక ఊర్ల దంచి కొడితే పక్క ఊర్ల రోడ్డు కూడా తడవది. అందుకే ఊరికి ఒక్కరన్నా లెక్క రాయాలె.

ఖర్చేం లేదు. అడుగు నుంచి మూతి దాకా ఒకే వెడల్పున్న డబ్బా, ఒక స్కేలు చాలు. కూల్‌డ్రింక్ బాటిల్ వద్దు, దాని అడుగు గుంతలు గుంతలుంటది. స్కేలుకు కూడా సున్నా సరిగ్గా అంచు కాడనే ఉండాలె, కొన్నిటికి కొంచెం వదిలి గీతలు మొదలైతయి, చిన్న జల్లు పడ్డనాడు ఆ తేడానే ఎక్కువైతది. చెట్టు ఎంత ఎత్తుందో దానికి రెండింతల దూరంల, గాలికి పడకుండ డబ్బాను రాళ్ల మధ్యల పెట్టండి. రోజూ పొద్దున 8:30కి కొలిచి, రాసి, పారబోయాలె, ఎందుకంటే వాతావరణ శాఖ రోజు లెక్క కూడా అప్పటినుంచే, మనం వేరే టైంల కొలిస్తే వాళ్లదానితోని కలవది. 2.5 మిల్లీమీటర్ల కంటే తక్కువ పడితే వాన రోజు కింద రాదు గానీ మొత్తంల మాత్రం కలపాలె. వడగండ్లు పడితే కరిగినంక కొలవండి, మనకు మంచు ఎట్లాగూ లేదు.

ఇగ పోల్చుడు. జూన్ 1 నుంచి ఇయ్యాల్టి దాకా పడ్డదంతా కూడి, అదే తేదీ దాకా మీ మండలంల పడాల్సినదానితోని చూడాలె, సీజన్ మొత్తం అంకెతోని కాదు. ఆ అంకె ఏఈఓను (వ్యవసాయ విస్తరణ అధికారిని) అడగండి. పడాల్సింది 200, పడ్డది 150 అనుకోండి, 50 తక్కువ, అంటే 25 శాతం లోటు. 19 శాతం దాకా అటూ ఇటూ అయితే సాధారణమే, 20 నుంచి 59 తక్కువైతే లోటు, 60, ఆపైన తక్కువైతే తీవ్ర లోటు. వాతావరణ శాఖ సాధారణం అంటే 1971 నుంచి 2020 దాకా సగటు.

అయితే శాతం ఒక్కటే చూస్తే మోసపోతం. ఒక్క రాత్రి 90 మిల్లీమీటర్లు పడి తర్వాత ఇరవై రోజులు చుక్క లేకపోయినా కాగితం మీద సాధారణమే ఉంటది, చెలక భూమి మాత్రం ఎప్పుడో ఎండిపోతది. అందుకే వాన లేని రోజులు కూడా సున్నా అని రాయండి, వరుస సున్నాల కింద ఎర్రపెన్నుతోని గీత కొట్టండి. పంట నష్టం గురించి ఆఫీసర్లతోని మాట్లాడేటప్పుడు ఆ గీతే చూపియ్యండి.

సెప్టెంబర్ 30తోని నైరుతి లెక్క అయిపోతది. చిత్త, స్వాతి వానలు కందికి పనికొస్తయి కాబట్టి బుక్కు మూయొద్దు, అక్టోబర్ 1న కొత్త పేజీల మళ్ల సున్నా నుంచి మొదలుపెట్టండి.