చీకట్లో చూడటం – 3వ పాఠం: ఓరచూపు

పోయిన పాఠంలో లైట్లన్నీ ఆర్పేసి మిద్దె మీద అరగంట కూర్చోవడం సాధన చేశాం. ఆ అరగంట ఇంకా కుదరనివాళ్ళు దీన్ని మొదలుపెట్టకండి, ఫలితం కనిపించదు. కుదిరినవాళ్ళకు అసలు కిటుకు ఇప్పుడు: మసక చుక్క కనబడాలంటే సూటిగా దానివైపు చూడకూడదు.

మనం నేరుగా చూసే వస్తువు వెలుగు రెటీనా (కంటి లోపలి వెనక తెర) మధ్యలో ఒక చిన్న గుంటలో పడుతుంది. అక్షరాలు చదివేది, సూదిలో దారం ఎక్కించేది ఆ గుంటతోనే. వెలుగును పట్టే కణాలు రెండు రకాలు, కోన్లు, రాడ్లు. ఆ గుంట నడిమధ్యలో కోన్ కణాలు కిక్కిరిసి ఉంటాయి, రాడ్ కణాలు అసలే ఉండవు. చీకట్లో పనికొచ్చేవి రాడ్లు. ఒక్కో కంట్లో సుమారు 12 కోట్లు ఉంటాయి. మధ్య నుంచి దాదాపు 20 డిగ్రీల అవతల బాగా దట్టంగా ఉంటాయి.

ఈ 20 డిగ్రీల సంగతిని ఎంతో అందంగా వాడుకున్న ప్రయోగం ఒకటుంది. హెక్ట్, ష్లేర్, పిరెన్ అనే ముగ్గురు 1942లో దాన్ని ప్రచురించారు. మనిషిని అరగంటకు పైగా చీకట్లో ఉంచారు. సన్నటి ఎర్ర చుక్కను చూస్తుండమన్నారు. దానికి 20 డిగ్రీల పక్కన, సెకనులో వెయ్యోవంతు సేపు, నీలం కలిసిన ఆకుపచ్చ వెలుగు మెరిపించారు. కంటిదాకా 54 నుంచి 148 ఫోటాన్లు (వెలుగు రేణువులు) వస్తే చాలు, 'కనబడింది' అన్నారు. అందులో చాలావరకు దారిలోనే పోతాయి. లెక్క కడితే రాడ్లకు అందినవి 5 నుంచి 14 మాత్రమే. అవి పడిన చోట రాడ్లు 500 దాకా ఉన్నాయి కాబట్టి ఒకే రాడ్‌లో రెండు పడే అవకాశం తక్కువ. అంటే ఒక్క ఫోటాన్ తగిలినా రాడ్ స్పందిస్తోందన్నమాట!

అది లెక్కతో తేల్చిన మాట. కొలిచి చూపించింది నాడీశాస్త్రవేత్త డెనిస్ బేలర్, ఆయనతో పనిచేసిన ల్యాంబ్, యౌ. 1979లో వాళ్ళు గోదురుకప్ప రాడ్ ఒకదాన్ని సన్నటి గాజు గొట్టంలోకి లాగి, దాని కరెంటు కొలిచారు. ఒక్కో ఫోటాన్‌కు ఒక్కో చిన్న కదలిక విడిగా కనబడింది.

ఇక సాధన. శివరాత్రిని వదులుకోకండి. మరునాడే అమావాస్య, తెల్లవారుజాము దాకా చంద్రుడు రాడు, జాగారం ఎలాగూ ఉంది. కడప టౌనులో వీధిదీపాలు అడ్డం. పుష్పగిరి వెళ్ళేవాళ్ళు తోడు తీసుకుని, గుడి లైట్లు కళ్ళల్లో పడని చోట కూర్చోండి. ఫోన్ టార్చికి ఎర్ర గ్లాస్ పేపర్ చుట్టండి. ముదురు ఎరుపు రాడ్లకు దాదాపు అందదు.

రాత్రి ఎనిమిదింటికి పడమటి వైపు కృత్తికలు అనే చిన్న చుక్కల గుంపు బాగా పైన ఉంటుంది. ముందు సూటిగా చూసి లెక్కపెట్టండి. తర్వాత చెయ్యి చాచి పిడికిలి పట్టండి, ఆ వెడల్పు సుమారు 10 డిగ్రీలు. కృత్తికలకు పిడికిలి, పిడికిలిన్నర దూరంలో చూపు నిలిపి, మనసు మాత్రం కృత్తికల మీదే ఉంచండి. కష్టమంతా ఇక్కడే: కన్ను దానంతటదే చుక్క మీదికి పరిగెడుతుంది. మళ్ళీ పక్కకు తెచ్చుకోండి. చూపును మరీ బిగబట్టినా మసక వెలుగు మాయమవుతుంది, కాబట్టి మెల్లగా అటూఇటూ కదపండి. ఇందాక లేని చుక్క ఒకటి వచ్చి చేరుతుంది. అది కుదిరాక పది గంటలకు నడినెత్తికి చూడండి. పునర్వసు జంటకూ మఘకూ మధ్య, పుష్యమి దగ్గర, పొగమచ్చ లాంటి చుక్కల గుంపు ఉంటుంది. ఇది కృత్తికల కన్నా గట్టి పరీక్ష.

స్పష్టత మాత్రం ఆశించకండి. 12 కోట్ల రాడ్ల సంకేతాలు, వాగులన్నీ పెన్నలో కలిసినట్టు, 10 లక్షల పైచిలుకు నరపు పోగుల్లో కలిసి మెదడుకు వెళ్తాయి. అలా కలిస్తేనే మసక వెలుగు అందుతుంది, అందుకే వివరం పోతుంది.

అరగంట గడిచినా పక్కన కూర్చున్నవాళ్ళకు కనబడేవి మీకు కనబడకపోతే, రేచీకటి ఉందేమో కళ్ళ డాక్టరుకు చూపించుకోండి. దీన్ని సాధనతో సరిచేసుకోవాలని చూడొద్దు.

ఒంటికన్నుతో టెలిస్కోప్‌లో చూసేవాళ్ళకు ఒక్క మాట. కుడికంటితో అయితే చుక్కకు కుడిపక్కన చూపు నిలపండి, ఎడమకంటితో అయితే ఎడమపక్కన. తిరగేస్తే చుక్క అంధబిందువులో, అంటే కంట్లో వెలుగును పట్టలేని చోట, పడి పూర్తిగా మాయం కావచ్చు. ఆ అంధబిందువును కాగితం, పెన్సిలుతో కొలవడం 4వ పాఠం.