ఎగ్జాస్ట్ వాల్వ్ మళ్లీ మళ్లీ కాలిపోతోందా? సోడియం వాల్వులకు డబ్బు పెట్టే ముందు చూడాల్సినవి

సీఎన్‌జీ కిట్ వేసిన టాక్సీ కావచ్చు, ట్యూనింగ్ చేయించిన టర్బో కారు కావచ్చు, ఎగ్జాస్ట్ వాల్వ్ (మండిన గ్యాస్‌ని సిలిండర్‌లోంచి బయటకు వదిలే మూత) కాలి హెడ్ (వాల్వులుండే ఇంజన్ పైభాగం) దించిన చోట ఒక మాట వినిపిస్తుంది: "ఈసారి సోడియం వాల్వులు వేయిస్తే ఈ బాధ పోతుందా?" లోపల సోడియం లోహం నింపిన ఈ వాల్వుల ధర మామూలు వాటి కంటే బాగా ఎక్కువ. 16 వాల్వుల ఇంజన్‌లో ఎగ్జాస్ట్ వాల్వులే 8 ఉంటాయి కాబట్టి బిల్లు చిన్నదేమీ కాదు. నా అభిప్రాయం ముందే చెబుతాను. కంపెనీ సోడియం వాల్వులతోనే తయారుచేసిన ఇంజన్ అయితే మళ్లీ అవే వేయించండి, అక్కడ బేరం వద్దు. మామూలు వాల్వులతో వచ్చిన ఇంజన్ అయితే ఆ డబ్బు గైడ్లకు (వాల్వ్ కాడ జారే గొట్టాలు), సీట్లకు (వాల్వ్ తల ఆనే అంచులు), కూలింగ్‌కు ఖర్చు పెట్టడం మేలు. ఎందుకో తెలియాలంటే వాల్వ్‌లోని వేడి ఎటు పోతుందో తెలియాలి.

లోపల జరిగేది

ఫుల్ లోడులో ఎగ్జాస్ట్ వాల్వ్ తల 700 నుంచి 800 డిగ్రీల సెల్సియస్ దాకా కాగుతుంది. ఆ వేడి బయటపడే దారులు ముఖ్యంగా రెండు. వాల్వ్ మూసుకుని ఉన్నప్పుడు సీటు ద్వారా హెడ్‌లోకి పోతుంది. కొంత స్టెమ్ (వాల్వ్ కాడ) మీదుగా గైడులోకి పోతుంది. మామూలు వాల్వ్‌లో సుమారు ముప్పావు వంతు వేడి సీటు దారినే పోతుంది.

సోడియం వాల్వ్‌లో స్టెమ్‌ని లోపల బోలుగా చేసి, ఆ ఖాళీలో సగం నుంచి మూడింట రెండు వంతుల దాకా సోడియం నింపి సీల్ చేస్తారు. సోడియం 98 డిగ్రీల దగ్గరే కరుగుతుంది, 883 డిగ్రీల దాకా మరగదు. అంటే ఇంజన్ నడుస్తున్నంతసేపూ అది ద్రవంగానే ఉంటుంది. 3000 ఆర్‌పీఎం దగ్గర వాల్వ్ సెకనుకు 25 సార్లు తెరుచుకుంటుంది. సగం నింపిన సీసాని గిలక్కొట్టినట్టు, లోపలి సోడియం పైకీ కిందికీ ఎగురుతూ తల దగ్గరి వేడిని తీసుకెళ్లి స్టెమ్‌కి ఇస్తుంది. దీనివల్ల తల ఉష్ణోగ్రత సుమారు వంద డిగ్రీలు తగ్గవచ్చు. నిండుగా నింపితే ఈ ఎగరడం ఉండదు, అందుకే ఖాళీ వదులుతారు.

ఇక్కడ ఒక్క విషయం పట్టుకోవాలి. సోడియం వేడిని పోగొట్టదు, గైడు వైపు మళ్లిస్తుంది. గైడు, దాని చుట్టూ తిరిగే నీళ్లు, ఆయిల్ ఆ అదనపు వేడిని తట్టుకోగలిగితేనే పెట్టిన ఖర్చుకు ఫలితం ఉంటుంది.

లక్షణం: పొద్దున స్టార్టింగ్ కష్టం, ఐడిల్‌లో వణుకు, ఒక సిలిండర్ మిస్సింగ్

ముందు ప్లగ్గు, కాయిల్ మార్చి చూడండి. తేడా లేకపోతే కంప్రెషన్ టెస్ట్ చేయించండి. ఒక సిలిండర్ మిగతావాటికంటే బాగా తక్కువ చూపిస్తే, అందులో ఒక చెంచా ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ చూడాలి. రీడింగ్ పెరిగితే రింగుల మీద అనుమానం. పెరగకపోతే వాల్వ్ లేదా హెడ్ గ్యాస్కెట్. ఆ సిలిండర్ పిస్టన్‌ను కంప్రెషన్ టాప్‌కి తెచ్చి ప్లగ్గు రంధ్రంలోంచి గాలి ఎక్కించి వినండి. సైలెన్సర్‌లో బుస్సుమంటే ఎగ్జాస్ట్ వాల్వ్, థ్రాటిల్ దగ్గర వినిపిస్తే ఇన్‌టేక్, ఆయిల్ పోసే మూత దగ్గర వస్తే రింగులు, రేడియేటర్‌లో బుడగలొస్తే గ్యాస్కెట్. హెడ్ దించకుండానే ఇంత తెలిసిపోతుంది.

ఎగ్జాస్ట్ వాల్వ్ లీకయితే మొదటి అనుమానం టాపెట్ గ్యాప్ (స్టెమ్ చివరకీ దాన్ని నొక్కే భాగానికీ మధ్య ఉండాల్సిన సన్నటి సందు) మీద పెట్టుకోవాలి. సీఎన్‌జీ, ఎల్‌పీజీ బళ్లలో ఇది మరీ ముఖ్యం. ఈ గ్యాస్‌లు పొడిగా లోపలికి వస్తాయి. పెట్రోలు తుంపర వల్ల కలిగే కాస్త చల్లదనం, తడి వీటితో ఉండవు. వాల్వ్ సీటుని కొడుతూ కొడుతూ కొద్దికొద్దిగా లోపలికి దిగుతుంది. దిగినకొద్దీ స్టెమ్ పైకి జరిగి టాపెట్ గ్యాప్ మూసుకుపోతుంది. గ్యాప్ పోయాక వాల్వ్ పూర్తిగా మూసుకోదు, సీటుకు తగలక వేడి దిగే పెద్ద దారి మూసుకుపోతుంది. సందులోంచి మంట దూసుకొచ్చి అంచుని కోసేస్తుంది.

దీన్ని చాలామంది పట్టుకోలేకపోవడానికి కారణం, ఇలా జరుగుతున్నప్పుడు ఇంజన్ శబ్దం తగ్గడమే. టకటక మంటే భయపడి మెకానిక్ దగ్గరికి పరుగెడతాం. నిశ్శబ్దమైతే బండి బాగుందనుకుంటాం. గ్యాస్ బండిలో టాపెట్ శబ్దం పూర్తిగా పోయిందంటే ఫీలర్ గేజ్ (ఆ సందుని కొలిచే పలుచటి రేకులు) తీయాల్సిన సమయం వచ్చినట్టే.

పరిష్కారం: చాలా ఇంజన్లలో గ్యాప్‌ను ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు చూడాలి, మీ బండి మాన్యువల్ ఏం చెబితే అదే లెక్క. మామూలుగా ఎగ్జాస్ట్ గ్యాప్ ఇన్‌టేక్ కంటే ఎక్కువ ఉంటుంది. సెట్ చేసిన ప్రతిసారీ ఏ సిలిండర్‌కి ఎంత ఉందో రాసి పెట్టండి. ప్రతి సర్వీసుకీ గ్యాప్ తగ్గుతూ వస్తోందంటే సీటు దిగిపోతోందని అర్థం. దానికి గట్టి సీట్ ఇన్సర్ట్ (సీటు స్థానంలో బిగించే గట్టి లోహపు రింగు) వేయించాలి. ఇలాంటి చోట సోడియం వాల్వ్ వేసినా ఆ సీటు అలాగే దిగుతుంది, గ్యాప్ అలాగే మూసుకుంటుంది. ఖర్చు దండగ.

ఆయిల్ ఒత్తిడితో గ్యాప్‌ని తామే సర్దుకునే హైడ్రాలిక్ లిఫ్టర్లున్న ఇంజన్లలో గ్యాప్ సెట్టింగ్ ఉండదు, వాటి సంగతి వేరు.

లక్షణం: కొత్త వాల్వ్ వేశాక కొద్ది నెలలకే అదే సిలిండర్‌లో మళ్లీ కాలింది

పాత వాల్వ్‌ని పారేయనివ్వకండి. చేతిలోకి తీసుకుని చూడండి, అసలు సంగతి అందులోనే ఉంటుంది.

అంచులో ఒక్కచోట మాత్రమే కోసినట్టు కాలి ఉంటే, ఆ ఒక్కచోట సీటు తగలడం లేదన్నమాట. గైడు అరిగి వాల్వ్ ఊగుతుండవచ్చు, సీటు గుండ్రంగా కోయకపోయి ఉండవచ్చు, కార్బన్ పలుకు ఇరుక్కుని ఉండవచ్చు. పరిష్కారం మెషిన్ షాపులో ఉంది. వరుస తప్పకూడదు: ముందు గైడు మార్చాలి, ఆ తర్వాత కొత్త గైడు కేంద్రంగా సీటు కోయాలి. అరిగిన గైడుతో కోసిన సీటు ఎంత నున్నగా కనిపించినా పనికిరాదు. గ్రైండింగ్ పేస్ట్‌తో చేత్తో రుద్ది సరిపెట్టేస్తామంటే ఒప్పుకోకండి, వంకరగా ఉన్న సీటుని పేస్ట్ సరిచేయదు. సీటు వెడల్పు కూడా అడగండి. చాలా కార్ల ఎగ్జాస్ట్ సీటుకు ఒకటిన్నర మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. మరీ సన్నగా కోస్తే వేడి దిగడానికి చోటు చాలదు, మరీ వెడల్పయితే ఒత్తిడి తగ్గి కార్బన్ పేరుకుంటుంది.

అంచు అంతా ఒకేలా పలచబడి, తల లోపలికి గిన్నెలా వంగి ఉంటే వాల్వ్ మొత్తం ఎక్కువ వేడెక్కింది. అప్పుడు మిక్స్చర్ లీన్‌గా (గాలి ఎక్కువ, ఇంధనం తక్కువ) ఉందా చూడాలి: మూసుకుపోయిన ఇంజెక్టర్, ఇన్‌టేక్ దగ్గర గాలి లీకు, సరిగా సెట్ కాని గ్యాస్ రెగ్యులేటర్. సీఎన్‌జీ పెట్రోలు కంటే నెమ్మదిగా మండుతుంది కాబట్టి స్పార్క్ కాస్త ముందు రావాలి. కిట్ వేసినవాళ్లు ఆ పని చేయకపోతే మంట ఎగ్జాస్ట్ దాకా సాగి వాల్వ్‌ని కాలుస్తుంది.

ఇంకొకటి మన ప్రాంతంలో బాగా కనిపిస్తుంది: రేడియేటర్‌లో బోరు నీళ్లు. మన దగ్గర చాలాచోట్ల బోరు నీళ్లలో ఉప్పు, సున్నం ఎక్కువ. టీ కాచే గిన్నెకి పట్టే తెల్లటి పొర హెడ్ లోపలి నీటి దారుల్లోనూ పడుతుంది. సీటు చుట్టూ ఆ పొర పట్టాక వేడి నీళ్లలోకి దిగదు. గేజ్ మాత్రం మామూలుగానే చూపించవచ్చు, ఎందుకంటే అది కొలిచేది నీళ్ల వేడిని, సీటు వేడిని కాదు. హెడ్ దించినప్పుడే ఆ దారులు శుభ్రం చేయించి, డిస్టిల్డ్ వాటర్‌తో కలిపిన సరైన కూలెంట్ పోయించండి. ఇది చేయకుండా సోడియం వాల్వ్ వేస్తే, అది మళ్లించిన వేడి కూడా ఆ పొర దగ్గరికే వచ్చి ఆగుతుంది.

ఇవన్నీ సరిచేశాక కూడా మెరుగైన వాల్వ్ కావాలనిపిస్తే, 21-4ఎన్ అనే వేడికి తట్టుకునే స్టీలుతో చేసి అంచు మీద స్టెల్లైట్ (గట్టి కోబాల్ట్ మిశ్రమ లోహం) పూత ఉన్నది అడగండి. గ్యాస్ బండికి అది చాలు.

లక్షణం: టర్బో ఇంజన్, ఎక్కువ బూస్ట్, ఫుల్ లోడులో నాకింగ్

సోడియం నిజంగా పనికొచ్చేది ఇక్కడే. ఎర్రగా కాగిన ఎగ్జాస్ట్ వాల్వ్ స్పార్క్ రాకముందే మిక్స్చర్‌ని అంటించగలదు. తల వంద డిగ్రీలు చల్లబడితే ఆ ప్రమాదం తగ్గుతుంది, అంతమేర ఎక్కువ కంప్రెషన్, ఎక్కువ బూస్ట్ వాడుకోవచ్చు. ఈ వాల్వ్ పుట్టిందీ ఆ అవసరంలోంచే. 1920లలో అమెరికాలో శామ్ హెరన్ అనే ఇంజనీరు విమాన ఇంజన్ల కోసం దీన్ని పనికొచ్చేలా తీర్చిదిద్దాడు. 1927లో చార్లెస్ లిండ్‌బర్గ్ ఒంటరిగా అట్లాంటిక్ దాటిన విమానంలోని రైట్ వర్ల్‌విండ్ ఇంజన్‌లో ఇలాంటి వాల్వులే ఉన్నాయి. గాలితో చల్లబడే ఇంజన్ గంటల తరబడి ఆగకుండా నడవడానికి అప్పట్లో ఇది పెద్ద సాయం.

అయినా ముందు ట్యూనింగ్ సరిచూడండి. తక్కువ ఆక్టేన్ పెట్రోలు, అతిగా పెంచిన బూస్ట్ వల్ల వచ్చే నాకింగ్‌కి వాల్వ్ మందు కాదు. చాలా ఎక్కువ ఆర్‌పీఎంకి తిప్పే రేసు ఇంజన్లలో బోలు స్టెమ్ బలం మీద నమ్మకం లేక, బోలు లేని గట్టి ఇంకోనెల్ (వేడికి తట్టుకునే నికెల్ మిశ్రమ లోహం) వాల్వులకు మారేవాళ్లూ ఉన్నారు.

లక్షణం: కంపెనీ సోడియం వాల్వులున్న ఇంజన్‌లో నీలం పొగ, టిక్కుటిక్కు శబ్దం, చల్లగా ఉన్నప్పుడు మిస్సింగ్

గైడు చూడండి. సోడియం తెచ్చిన వేడి దిగేది అక్కడికే కాబట్టి గైడు దగ్గర ఆయిల్ మాడి కార్బన్‌గా మారవచ్చు. చిన్న విమానాల లైకమింగ్ ఇంజన్లలో ఇది అందరికీ తెలిసిన సమస్య. పొద్దున మొదటి స్టార్ట్‌లో వాల్వ్ గైడులో పట్టేసి ఇంజన్ వణుకుతుంది, వేడెక్కాక సర్దుకుంటుంది. సర్దుకుంది కదా అని వదిలేయకూడదు. ఎగ్జాస్ట్ వాల్వ్‌కీ గైడుకీ మధ్య క్లియరెన్స్ కొలవమని ఆ కంపెనీ 388సి అనే సర్వీస్ బులెటినే ఇచ్చింది.

కార్లలో 2006 మోడల్ నుంచి వచ్చిన ఎల్ఎస్7 ఇంజన్ కార్వెట్ జెడ్06 (జనరల్ మోటార్స్ స్పోర్ట్స్ కారు) ఉదాహరణ ఉంది. ఆ 7 లీటర్ల ఇంజన్‌లో గైడ్లు త్వరగా అరిగి కొన్ని వాల్వులు విరిగాయి. చాలామంది సోడియం వాల్వులనే తప్పుపట్టారు. కొన్ని హెడ్లలో గైడ్ల మెషినింగ్ సరిగా జరగలేదని కంపెనీ తర్వాత చెప్పింది. బోలు స్టెమ్ ఊగడాన్ని సహించదు, అందుకే గైడు క్లియరెన్స్ ఇందులో ఇంకా జాగ్రత్తగా చూడాలి.

పరిష్కారం: మాన్యువల్ కొలత దాటితే గైడ్లు, ఆయిల్ సీళ్లు మార్చడం, సీటు తిరిగి కోయించడం, చెప్పిన గ్రేడు ఆయిల్‌ని గడువులోపే మార్చడం. డబ్బు కలిసొస్తుందని మామూలు వాల్వులు వేయించకండి. తల ఎక్కువ వేడెక్కుతుంది, పైగా అవి బరువు. పాత స్ప్రింగు ఆ బరువుని ఎక్కువ ఆర్‌పీఎంలో అదుపు చేయలేక వాల్వ్ సమయానికి మూసుకోదు.

పాత సోడియం వాల్వ్‌ని ఏం చేయాలి

వర్క్‌షాపు వాళ్లకి గట్టిగా చెప్పాల్సిన సంగతి ఇది. పాత వాల్వులను పంచ్‌గానో ఉలిగానో మలుచుకునే అలవాటు చాలా షాపుల్లో ఉంది. సోడియం వాల్వ్‌ని కోయకూడదు, వెల్డింగ్ చేయకూడదు, కొలిమిలో వేయకూడదు. లోపలి సోడియానికి నీళ్లు, తేమ తగిలితే తీవ్రంగా మండుతుంది, హైడ్రోజన్ పుట్టి పేలుతుంది, మిగిలేది చర్మాన్ని కాల్చే కాస్టిక్ సోడా. పగుళ్లున్న వాల్వ్‌ని నీళ్లలో కడగొద్దు. పార్టు నంబరుతో కేటలాగ్‌లో చూసి సోడియం ఉందో లేదో తేల్చుకోండి. ఉంటే విడిగా పొడి డబ్బాలో పెట్టి, పైన పేరు రాసి, అదేమిటో చెప్పి మరీ స్క్రాప్ వాళ్లకి ఇవ్వండి.