ఫోల్డర్‌లో ఫైల్ పడగానే పని మొదలవ్వాలంటే: లైనక్స్‌లో ఐనోటిఫై వాడకం

విజయనగరంలో మూడు లాంతర్ల దగ్గర మా బాబాయికి ఫోటో స్టూడియో ఉంది. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం మంగళవారం వచ్చిందంటే ముగ్గురు కుర్రాళ్ళు కెమెరాలు పట్టుకుని జనంలో దూరిపోతారు, సిరిమాను గుడి నుంచి కోట దాకా మూడు సార్లు తిరిగొచ్చేలోగా కార్డులు నిండిపోయి షాపుకొచ్చేస్తుంటాయి. కార్డులో ఫోటోలు ఉబుంటు (లైనక్స్) సిస్టంలో ఒక ఫోల్డర్‌లోకి కాపీ చేస్తే వాటంతట అవే సైజు తగ్గి, షాపు పేరు పడి, ఇంకో ఫోల్డర్‌లోకి వెళ్ళిపోవాలి, అదీ నాకు అప్పజెప్పిన పని.

మొదట్లో నేను రాసింది సెకనుకోసారి ఫోల్డర్ మొత్తం లిస్ట్ తీసి పాత లిస్ట్‌తో పోల్చే స్క్రిప్ట్. వంద ఫైళ్ళున్నప్పుడు బానే ఉంది, వేలల్లోకి వెళ్ళేసరికి పనేం లేకపోయినా హార్డ్ డిస్క్ గరగరలాడుతూనే ఉంది. అసలు ఫోల్డర్‌లో ఏం మారిందో లైనక్స్‌కి గుండెకాయ లాంటి కెర్నెల్‌కి ముందే తెలుసు కదా, మనం మాటిమాటికీ వెళ్ళి అడగడం దేనికి, దాన్నే చెప్పమంటే పోలేదా! ఆ చెప్పే ఏర్పాటు పేరే ఐనోటిఫై. లైనక్స్ కెర్నెల్ 2.6.13లో, అంటే 2005లో వచ్చింది. అంతకుముందు డీనోటిఫై అని ఒకటుండేది, ఒక్కో ఫోల్డర్ ఓపెన్ చేసి పెట్టుకోవాలి, సమాచారం సిగ్నల్స్‌లో వస్తుంది, దాని గోల ఇప్పుడు మనకొద్దు.

కోడ్ రాసే ముందు ఐనోటిఫై-టూల్స్ ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేసి అందులో ఐనోటిఫైవెయిట్ కమాండ్‌ని మైనస్ ఎం (ఆగకుండా చూస్తూనే ఉండమని) పెట్టి ఒక ఖాళీ ఫోల్డర్ మీద నడపండి. పక్క టెర్మినల్‌లో ఆ ఫోల్డర్‌లోకి ఫైల్ కాపీ చేయండి, పేరు మార్చండి, తీసేయండి, ఎడిటర్‌లో తెరిచి సేవ్ చేయండి. దేనికి ఏ ఈవెంట్ (ఏం జరిగిందో చెప్పే కబురు) వస్తుందో ఒక పది నిమిషాలు చూస్తే తర్వాత చాలా తలనొప్పి తప్పుతుంది. నేను ఆ పది నిమిషాలు చూడలేదు.

ఇక ప్రోగ్రాంలో అయితే కాల్స్ మూడే. మొదట ఐనోటిఫై_ఇనిట్1, ఇది ఒక ఫైల్ డిస్క్రిప్టర్ (తెరిచిన ఫైల్‌కి గుర్తు నంబర్) ఇస్తుంది, మామూలు ఫైల్‌లాగే దాన్నుంచి చదువుకోవచ్చు, కబురు వచ్చేదాకా కాచుకునే పోల్‌లోనో ఈపోల్‌లోనో పెట్టుకోవచ్చు. రెండోది ఐనోటిఫై_యాడ్_వాచ్, దానికి ఆ డిస్క్రిప్టర్, ఫోల్డర్ పాత్, ఏయే ఈవెంట్లు కావాలో చెప్పే మాస్క్ ఇస్తే ఆ ఫోల్డర్ మీద వాచ్, అంటే కాపలా, పెట్టి దాని నంబర్ తిరిగిస్తుంది. ఈ నంబర్ పారేసుకోకండి, ఏ నంబర్ ఏ ఫోల్డర్‌దో ఒక డిక్షనరీలో రాసి పెట్టుకోవాలి, ఎందుకంటే ఈవెంట్‌లో వచ్చేది నంబరూ ఫైల్ పేరూ మాత్రమే, పూర్తి పాత్ రాదు. మూడోది మామూలు రీడ్. ఒక్క రీడ్‌లో పది ఈవెంట్లు కలిసి కూడా రావచ్చు, ఒక్కో దానికి ముందు 16 బైట్లు (వాచ్ నంబర్, మాస్క్, కుకీ, పేరు పొడవు), ఆ తర్వాత పేరు. కాబట్టి 16కి ఆ పొడవు కలుపుకుంటూ బఫర్ చివరి దాకా నడవాలి, పేరు వెనక సున్నా బైట్లు అతుక్కుని ఉంటాయి, అవి కోసేయాలి. బఫర్ కనీసం 272 బైట్లుండాలి, అంతకన్నా చిన్నదిస్తే పొడవాటి పేరొచ్చిన రోజున రీడ్ ఎర్రర్ కొడుతుంది, నేనైతే హాయిగా 64 కేబీ ఇచ్చేస్తాను. పైథాన్‌లో వాచ్‌డాగ్ లైబ్రరీ ఇదంతా చూసుకుంటుంది గానీ లోపల జరిగేది ఇదే.

ఇప్పుడు అసలు సంగతి, ఏ ఈవెంట్ అడగాలి? నేను తెలివిగా ఇన్_క్రియేట్ అడిగాను. పండగ రోజు మధ్యాహ్నానికి బాబాయి కేకేసాడు, "ఏట్రా ఇది, సిరిమాను సగమే వచ్చింది, కింద అంతా బూడిద రంగు!" చూస్తే ఫోటోలు సగానికి సగం అలాగే ఉన్నాయి. క్రియేట్ అంటే ఫైల్ పుట్టింది అని మాత్రమే, డేటా ఇంకా కార్డులోంచి వస్తూనే ఉంది. కాంప్లెక్స్‌లోకి బస్సు తిరిగింది అంతే, జనం ఇంకా దిగలేదు, ఈలోగా నేను ఎక్కి సీట్లు తుడిచేస్తున్నాను. మనకి కావలసింది ఇన్_క్లోజ్_రైట్, అంటే రాయడానికి తెరిచినవాడు ఫైల్ మూసేసాడు అని. దాంతో పాటు ఇన్_మూవ్డ్_టు కూడా తప్పకుండా పెట్టాలి, ఎందుకంటే ఆర్‌సింక్ లాంటి కాపీ ప్రోగ్రాంలు ముందు చుక్కతో మొదలయ్యే దాపరికం పేరుతో ఫైల్ రాసి పూర్తయ్యాకే అసలు పేరుకి మారుస్తాయి, ఆ అసలు పేరు మీద క్లోజ్ రైట్ రానే రాదు. ఇన్_మోడిఫై జోలికి మాత్రం పోకండి, ఒక్క ఫోటోకి గుట్టలుగా వస్తాయి.

అలాగని క్లోజ్ రైట్ వచ్చిందంటే ఫైల్ బాగుందని రాసిచ్చినట్టు కాదు. కాపీ మధ్యలో కార్డు పీకేసినా, కాపీ చేసే ప్రోగ్రాంని చంపేసినా కూడా ఫైల్ మూతపడుతుంది, ఈవెంట్ వస్తుంది. ఏమీ రాయకుండా తెరిచి మూసినా వస్తుంది, టచ్ కమాండ్ కొట్టి చూడండి. అందుకే నేను ఈవెంట్ రాగానే సైజు సున్నా కాదని చూసి, పిల్లో అనే పైథాన్ ఫోటో లైబ్రరీలో ఇమేజ్ తెరిచి లోడ్ చేస్తాను, సగంలో తెగిన ఫోటో అయితే అక్కడే ఎర్రర్ వస్తుంది, దాన్ని పక్కన పెట్టి మళ్ళీ కాపీ చేయమంటాను.

ఇంకో కామెడీ ఏంటంటే మొదట్లో తయారైన ఫోటోని కూడా అదే ఫోల్డర్‌లో పెట్టేసాను. అది కొత్త ఫైలే కదా, దానికీ ఈవెంట్ వచ్చింది, దాని మీద మళ్ళీ షాపు పేరు పడింది, మళ్ళీ ఈవెంట్, మళ్ళీ పేరు... టీ తాగి వచ్చేసరికి ఫోటో మీద అమ్మవారు కనబడటం లేదు, షాపు పేరే కనబడుతోంది. వచ్చేదొక ఫోల్డర్, పోయేదొక ఫోల్డర్, పోయేదాని మీద వాచ్ పెట్టొద్దు.

ఒక్క ఫైల్ మీదే కన్నేయాలన్నా సరే ఆ ఫైల్ ఉన్న ఫోల్డర్ మీదే వాచ్ పెట్టి పేరు చూసి వడకట్టుకోండి. విమ్ లాంటి ఎడిటర్లు చాలాసార్లు సేవ్ చేసేటప్పుడు పాతదాన్ని పక్కకి జరిపి అదే పేరుతో కొత్త ఫైల్ పెడతాయి, మన వాచ్ ఏమో పాత ఐనోడ్‌ని (డిస్క్ మీదున్న అసలు ఫైల్‌ని) పట్టుకుని కూర్చుంటుంది, పేరుని కాదు.

ఫోల్డర్ లోపలి ఫోల్డర్లకి వాచ్ దానంతటదే పాకదు, ఒక్కోదానికి విడిగా పెట్టాలి. మా కుర్రాళ్ళు కార్డుకో సబ్‌ఫోల్డర్ చేస్తారు, అది పుట్టినట్టు క్రియేట్ ఈవెంట్, ఇది ఫోల్డర్ అని చెప్పే ఇన్_ఈజ్‌డిర్ బిట్‌తో వస్తుంది (దీనికోసమే మాస్క్‌లో ఇన్_క్రియేట్ కూడా ఉంచాలి), మనం బేగి వాచ్ పెట్టేలోపే అందులో నాలుగు ఫోటోలు పడిపోయి ఉండొచ్చు, వాటి ఈవెంట్లు మనకి రావు. అందుకని ముందు వాచ్ పెట్టు, తర్వాత ఆ ఫోల్డర్ లిస్ట్ తీసి చూడు, ఈ వరస తిరగేస్తే మధ్యలో పడినవి పోతాయి. ఈ వరసలో ఒకే ఫోటో రెండుసార్లు రావచ్చు, లిస్ట్‌లో దొరికినప్పుడు ఇంకా సగమే వచ్చి ఉండొచ్చు కూడా, కాబట్టి పూర్తిగా అయిపోయిన వాటి పేరూ సైజూ మాత్రమే ఒక సెట్‌లో వేసుకోండి.

ఫోల్డర్లు బాగా ఎక్కువైతే ఒకరోజు యాడ్ వాచ్ "డివైస్‌లో ప్లేస్ లేదు" అని ఎర్రర్ ఇస్తుంది. నేను డిస్క్ నిండిందేమో అని పాత పెళ్ళి ఆల్బమ్‌లు వెతికి డిలీట్ చేయబోయాను, తీరా చూస్తే డిస్క్ సగం ఖాళీ. నిండింది వాచ్‌ల కోటా. ప్రాక్ సిస్ ఎఫ్‌ఎస్ ఐనోటిఫై కింద మ్యాక్స్_యూజర్_వాచెస్ చూడండి, పాత కెర్నెల్స్‌లో 8192 ఉంటుంది, 5.11 నుంచి ర్యామ్‌ని బట్టి అదే లెక్కేసుకుంటుంది. కెర్నెల్ సెట్టింగులు మార్చే సిస్‌కంట్రోల్‌లో 524288 పెట్టేస్తే సరిపోయింది.

అక్కడే ఇంకో అంకె ఉంటుంది, మ్యాక్స్_క్యూడ్_ఈవెంట్స్, మామూలుగా 16384. మన ప్రోగ్రాం ఫోటో ప్రాసెస్ చేస్తూ రీడ్ చేయడం మర్చిపోతే క్యూ నిండిపోయి మిగతావి కెర్నెల్ పారేస్తుంది, పారేసానని ఇన్_క్యూ_ఓవర్‌ఫ్లో అని ఒక్క ఈవెంట్ ఇస్తుంది, దాని వాచ్ నంబర్ మైనస్ 1. అది వస్తే ఇక నమ్మడానికేం లేదు, ఫోల్డర్లన్నీ మొదటినుంచి స్కాన్ చేసుకోవాలి. అసలు ఆ పరిస్థితి రాకుండా చదవడం ఒక థ్రెడ్‌లో, ప్రాసెసింగ్ ఇంకో థ్రెడ్‌లో పెట్టండి.

నెట్‌వర్క్ ఫోల్డర్ల దగ్గర జాగ్రత్త. డిజైనర్ విండోస్ సిస్టం నుంచి సాంబా షేర్‌లోకి (ఉబుంటు నెట్‌వర్క్‌లో పంచే ఫోల్డర్‌లోకి) పెడితే, వాచ్ ఆ షేర్ ఉన్న ఉబుంటు సిస్టంలోనే నడుస్తుంటే ఈవెంట్లు వస్తాయి. అదే షేర్‌ని వేరే సిస్టంలో మౌంట్ చేసి అక్కడ వాచ్ పెడితే మిగతావాళ్ళు చేసిన మార్పులు దానికి తెలియవు, అక్కడ పాత సెకనుకోసారి పద్ధతే గతి. ప్రోగ్రాం విండోస్‌లోనే నడపాలంటే రీడ్‌డైరెక్టరీఛేంజెస్‌డబ్ల్యూ అని ఉంది, అది లోపలి ఫోల్డర్లని కూడా చూస్తుంది, మ్యాక్‌లో ఎఫ్‌ఎస్‌ఈవెంట్స్.

మొన్న బాబాయి "ఆ పెళ్ళి ఫోల్డర్ ఎవడు లేపేసాడో నీ ప్రోగ్రాం చెప్తాదా?" అని అడిగాడు. చెప్పదు. పోయిందని చెప్తుంది గానీ ఎవరు తీసారో ఐనోటిఫైకి తెలీదు. దానికి కెర్నెల్‌లోనే ఉన్న ఫానోటిఫై అనే ఇంకో ఏర్పాటు వాడాలి, రూట్‌గా (అడ్మిన్‌గా) నడిపితే ఆ పని చేసిన ప్రోగ్రాం ప్రాసెస్ నంబర్ ఇస్తుంది, డిలీట్ ఈవెంట్లు కూడా కావాలంటే కెర్నెల్ 5.1 గానీ ఆ పైది గానీ ఉండాలి. దాన్ని ఇంకా మా షాపులో పెట్టలేదు, పెడతానన్న దగ్గర్నుంచి కుర్రాళ్ళు నాతో సరిగ్గా మాట్లాడటం లేదు.